గురువారం మీటింగు

గురువారం సాయంత్రం మా ఇంట్లో వంట ఆరింటికల్లా అయిపోతుంది. ఏడున్నరకి రోటరీ క్లబ్బు మీటింగు మరి. అత్తయ్య గారికి చపాతీలు చేసి హాట్‌బాక్సులో పెట్టి, ఆవిడ బీపీ మాత్ర మంచినీళ్ళ గ్లాసు పక్కన ఉంచి, మా వారూ నేనూ స్కూటర్ మీద బయల్దేరతాం. ఎదురింటి పిన్ని గారు మమ్మల్ని చూసే వారం గుర్తు చేసుకుంటారు, "ఏమ్మా, అప్పుడే గురువారం వచ్చిందా?" అని.

"వారం వారం అంత మాట్లాడుకునేది ఏముంటుందండీ అక్కడ?" అని నన్ను చాలామంది అడిగారు. నిజం చెప్పాలంటే బయట నుంచి చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. మేడ మీద ఒక గది. గోడకి పళ్ళ చక్రం బొమ్మ ఉన్న బ్యానరు. బల్ల మీద ఇత్తడి గంట. ప్రెసిడెంటు గారు గంట కొడితే మీటింగు మొదలు, మళ్ళీ కొడితే అయిపోయినట్టు. సెక్రటరీ పోయిన వారం ఏం అనుకున్నామో చదువుతారు. సార్జెంటు అని ఒకాయన డబ్బా పట్టుకుని తిరుగుతూ ఉంటారు. ఆలస్యంగా వస్తే ఫైను, ఫోను మోగితే ఫైను, మనవడు పుట్టాడంటే ఆ సంతోషానికీ ఫైనే. తర్వాత ఒక అతిథి అరగంట మాట్లాడతారు. ఒక వారం కళ్ళ డాక్టరు గారు, ఒక వారం లాం ఫారం నుంచి మిరప శాస్త్రవేత్త, ఒక వారం ఫోను మోసాల గురించి పోలీసు ఆఫీసరు. చివర జనగణమన, ఆ తర్వాత భోజనం.

మాది చిలకలూరిపేట, నరసరావుపేటల వైపు ఒక చిన్న ఊరు. క్లబ్బులో 32 మందిమి. మిర్చి కమీషన్ వ్యాపారులు, పత్తి జిన్నింగు మిల్లు వాళ్ళు, కోల్డ్ స్టోరేజీ ఆయన, ఇద్దరు డాక్టర్లు, ఒక వకీలు, లెక్చరర్లు, ఎరువులూ పురుగుమందుల షాపుల వాళ్ళు, మా వారిలాగా బ్యాంకులో చేసి రిటైరైన వాళ్ళు. ఆడవాళ్ళం ఐదుగురం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కుర్చీలు సగం ఖాళీగా ఉంటాయి. కల్లాల్లో కాయ ఎండుతూ, లారీలు టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి బారులు తీరే రోజులు అవి. వచ్చినవాళ్ళు కూడా చొక్కాల మీద కోరు దులుపుకుంటూ వస్తారు. ఒకరు తుమ్మితే గదంతా తుమ్ములే.

నేను ఈ గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మొదట మెంబరుగా కాదు, మెంబరు గారి భార్యగా. భార్యల్ని అప్పట్లో "ఆన్స్" అనేవాళ్ళు. పిల్లలైతే "ఆనెట్స్". ఈ ఆన్ ఎవరా అని నాకు ఎప్పుడూ సందేహం. తర్వాత చదివితే తెలిసింది. 1914లో అమెరికాలో హ్యూస్టన్ సమావేశానికి రైల్లో వెళ్తున్న రోటరీ వాళ్ళ బృందంలో ఒకాయన భార్య పేరు ఆన్ అట. ఆవిణ్ణి సరదాగా "రోటరీ ఆన్" అని పిలవడం మొదలుపెట్టారట. ఆ ఒక్కావిడ పేరు చివరికి పల్నాడులో మా మెడలో బ్యాడ్జీగా వేలాడింది! మాకు నెలకో ఫ్యామిలీ మీటింగు ఉండేది. ముగ్గుల పోటీలు, వంటల పోటీలు, తంబోలా. సరదాగానే ఉండేది. కానీ అసలు మాటలు ఆ పక్క గదిలో నడిచేవి.

ఆడవాళ్ళని మెంబర్లుగా తీసుకోవచ్చని రోటరీ ప్రపంచమంతటికీ చెప్పింది 1989లో. అంతకు రెండేళ్ళ ముందు అమెరికా సుప్రీంకోర్టు ఈ విషయం మీద తీర్పు ఇచ్చాక గానీ అది జరగలేదు. భార్యలు కూర్చుని చూడలేక 1924లోనే ఇంగ్లండులో మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ అనే నర్సు గారు ఇన్నర్ వీల్ అని వేరే క్లబ్బు పెట్టుకున్నారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు మెంబర్లు కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టిందనుకోండి. మా అబ్బాయి ఇంజినీరింగుకి హైదరాబాదు వెళ్ళాక నేను ఫారం నింపాను. అత్తయ్య గారు ఒకటే అడిగారు. "ఇద్దరూ వెళ్ళడం సరే. ఇద్దరూ ఒకటే మాట చెప్పేటట్టయితే నువ్వు వెళ్ళడం ఎందుకే?" ఆవిడ ఐదో క్లాసే చదివారు. కానీ ఇంతకంటే గట్టి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

ఈ జూలైలో ఆ ప్రశ్న నిజంగానే ఎదురొచ్చింది. రోటరీకి కొత్త సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కొత్త ప్రెసిడెంటు గారు మొదటి మీటింగులోనే ఒక ప్రతిపాదన పెట్టారు. వారం వారం వద్దు, ఇక నుంచి నెలకి రెండు మీటింగులు చాలు అని. ఇందులో రూలుకి విరుద్ధం ఏమీ లేదు. 2016 నుంచి ఆ వెసులుబాటు ఉంది. అంతకు ముందు మాత్రం హాజరు విషయంలో చాలా గట్టిగా ఉండేవాళ్ళు. వరసగా నాలుగు మీటింగులు ఎగ్గొడితే మెంబరుషిప్ పోయేది. మా వారు విశాఖపట్నంలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళి, పెళ్ళివారింటి నుంచి చల్లగా జారుకుని, అక్కడి క్లబ్బు మీటింగులో సంతకం పెట్టి వచ్చారు. వేరే ఊళ్ళో వెళ్ళినా లెక్కలోకి వస్తుందిలెండి. ఆ పెళ్ళి ఫోటోల్లో ఆయన ఎక్కడా లేరు.

అసలు రోటరీ పుట్టిందే వారం వారం కలవడంతో. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే వకీలు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ కలిసి కూర్చున్నారు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా తిరుగుతూ కలిశారు కాబట్టి రోటరీ అని పేరు. తలో వృత్తి వాళ్ళూ ఒక బల్ల చుట్టూ చేరడం, మళ్ళీ మళ్ళీ చేరడం, ఇంతే వాళ్ళ ఆలోచన.

నెలకి రెండు చాలన్న వాళ్ళ మాటల్లోనూ న్యాయం ఉంది. సీజన్లో వ్యాపారులకి కుదరదు. పెద్దవాళ్ళకి రాత్రి భోజనాలు పడటం లేదు. హాలు అద్దె, భోజనాల ఖర్చు పెరిగిపోయింది. ఏదన్నా చెప్పుకోవాలంటే వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది. కళ్ళ క్యాంపు, రక్తదానం, స్కూలుకి బెంచీలు ఇవన్నీ నెలకి రెండు మీటింగులతోనూ చేయొచ్చు. మా వారిదీ అదే మాట. ఇంటికి వస్తూ స్కూటర్ మీదే నాకు లెక్క చెప్పారు, ఏడాదికి ఎంత మిగులుతుందో.

నా మాట వేరే. ఎందుకో చెప్పాలంటే 2022 నవంబరులో జరిగిన సంగతి చెప్పాలి.

అంతకు ముందు ఏడాది మా వైపు మిరపకి నల్ల తామర పురుగు పట్టింది. పువ్వు పువ్వులోనూ దూరి చేలకి చేలు ఎండబెట్టేసింది. రైతులు ఏ మందు చెబితే ఆ మందు కొట్టారు. మూడు రోజులకొకసారి కొట్టిన వాళ్ళున్నారు. పంట పోయింది గానీ మందుల బాకీ మిగిలింది. సొంత పొలం ఉన్నవాళ్ళు కొంతైనా నిలబడ్డారు. కౌలుకి చేసినవాళ్ళకి ఏదీ మిగల్లేదు.

ఆ నవంబరులో మా క్లబ్బు పదిమంది ఒంటరి ఆడవాళ్ళకి కుట్టు మిషన్లు ఇవ్వాలనుకుంది. లిస్టు చదివారు. అందులో ఒకావిడ నాకు తెలుసు. వేసవిలో మా వీధిలో కాయలకి తొడిమలు తీయడానికి వస్తుంది. భర్త మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. పంట పోయిన ఏడాదే మనిషీ పోయాడు. ఎలా పోయాడో మా వైపు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. కౌలు నోటిమాట మీదే. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి 11 నెలలకి ఒక కార్డు ఇస్తారు గానీ, దానికి పొలం యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెడితే పొలం మీద హక్కు అడుగుతారేమోనని యజమానులకి భయం. కాగితం లేదు కాబట్టి ప్రభుత్వం నుంచి రావాల్సింది ఏదీ ఆవిడకి సులువుగా రాదు.

మిషను సంగతి చెబుదామని నేను ఆవిణ్ణి కలిశాను. కొంగుతో మొహం తుడుచుకుని, "నాకు కుట్టు రాదమ్మా. మిషను వద్దు గానీ, ఆ మందుల కొట్టు బాకీ ఎంతో ఒకసారి లెక్క చూపించమని అడుగుతారా? పోయినప్పుడల్లా ఒక్కో లెక్క చెబుతున్నారు" అంది.

ఆ మందుల కొట్టు ఆయన మా క్లబ్బు మెంబరే. నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంటారు. మా పెళ్ళిరోజుకి కేకు తెచ్చేంత స్నేహం.

మొదటి గురువారం నేను లేచి చెప్పాను. కొట్టు పేరు ఎత్తలేదు. "లిస్టులో ఒకావిడ మిషను వద్దంటోంది. బాకీ లెక్క అడుగుతోంది. మనం వారం వారం నాలుగు ప్రశ్నలు చదువుతాం కదా, అందులో ఇది రెండోదానికి వస్తుంది" అన్నాను. ఆ నాలుగు ప్రశ్నల గురించి ఒక మాట చెప్పాలి. 1932లో షికాగోలో దివాలా అంచున ఉన్న ఒక గిన్నెల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ అనే ఆయన రాసుకున్నవి అవి. మనం అనేది, చేసేది నిజమా, సంబంధం ఉన్న అందరికీ న్యాయమా, స్నేహం పెంచేదా, అందరికీ మేలు చేసేదా అని. మా దగ్గర ఇంగ్లీషులో ఎక్కాలు అప్పచెప్పినట్టు గబగబా చదివేస్తారు. ఆ రోజు మాత్రం గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది. ప్రెసిడెంటు గారు "వచ్చే వారం చూద్దాం" అని గంట కొట్టేశారు.

ఇంటికి వచ్చేదాకా మా వారు మాట్లాడలేదు. పడుకునే ముందు మాత్రం, "పాతికేళ్ళ స్నేహం" అన్నారు. "అందుకేగా కొట్టు దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టుకోకుండా మనవాళ్ళ మధ్య అడిగాను" అన్నాను.

రెండో గురువారం ఆయన రాలేదు. ఖాళీ కుర్చీ అందరికీ కనబడుతూనే ఉంది. ఆ రోజు మా వకీలు గారు ఒక మాట చెప్పారు. మీ అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. భర్త చేసిన అప్పు ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి మేరకే వారసుల మీద పడుతుంది. ఆస్తి ఏమీ వదల్లేదంటే భార్య తన కూలి డబ్బులోంచి తీర్చాలని చట్టం అనదు. ఆవిడ స్వయంగా నోటు మీద సంతకం పెట్టి ఉంటే, హామీ ఉండి ఉంటే మాత్రం వేరే సంగతి. ఆ గదిలో చదువుకున్న వాళ్ళమే అందరం. మాలో సగం మందికి ఈ సంగతి తెలియదు.

మూడో గురువారం ఆయన వచ్చారు. చంకలో ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. ఎవరూ అడక్కముందే లేచి తన గోడు చెప్పుకున్నారు. కంపెనీ వాళ్ళు తనకి అరువు ఇవ్వరనీ, ఊళ్ళో నలభై మంది దగ్గర తన డబ్బు ఇరుక్కుందనీ, తన కూతురి పెళ్ళి వాయిదా పడిందనీ. అందులో అబద్ధం లేదు. తర్వాత పుస్తకం తెరిచి మా వారి ముందు పెట్టారు. "బ్యాంకు మనిషివి, నువ్వే చూడు" అన్నారు. అసలు 1,40,000. నూటికి రెండు రూపాయల చొప్పున ఏడాదికి వడ్డీ 33,600. మొత్తం 1,73,600. కొట్లో గుమాస్తా ఆవిడకి రెండు లక్షలని ఒకసారి, రెండుంబావు అని ఒకసారి చెప్పాడట. పుస్తకంలో ఆ అంకె ఎక్కడా లేదు.

చివరికి వడ్డీ మొత్తం, అసలులో సగం కొట్టేశారు. చట్టప్రకారం ఏమీ కట్టక్కర్లేదని వకీలు గారు ఆవిడకి స్వయంగా చెప్పారు. ఆవిడ వినలేదు. "తెచ్చింది నిజం కదయ్యా. ఊళ్ళో బతకాలి, నా పిల్లకి సంబంధాలు రావాలి" అని, మిగిలిన 70,000 ఏడాదికి 10,000 చొప్పున కడతానంది. కాగితం రాశారు. మిషను డబ్బు ఆవిడ కూతురి ఇంటర్ ఫీజుకి ఇచ్చాం.

మిగతా ముప్ఫై తొమ్మిది మంది సంగతి ఏమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "ఒకరికి చేస్తే అందరూ అడుగుతారమ్మా, నేను కొట్టు మూసుకోవాలి" అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు, క్లబ్బు దగ్గరా లేదు. కాకపోతే ఆ తర్వాత బాకీ ఎంతో కాగితం మీద రాసి ఇవ్వడం మొదలుపెట్టారు, అడిగిన వాళ్ళకల్లా.

ఇది నెలకి రెండు మీటింగుల్లో అయ్యేదా? నాకైతే కాదనే అనిపిస్తుంది. మొదటి గురువారానికీ మూడో గురువారానికీ మధ్య నెల గడిచిపోతే మాట చల్లారిపోయేది. వాట్సాప్‌లో పెడితే నలుగురు దండాలు పెట్టేవాళ్ళు, ఎవరో పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టేవారు, అడుగుకి వెళ్ళిపోయేది. వారం తిరక్కుండా మళ్ళీ అదే గదిలో అవే మొహాలు చూడాలి కాబట్టి కదిలింది. ఆ రెండో వారం ఖాళీ కుర్చీ ఎంత పని చేసిందో నేను చూశాను.

ఈ సంగతి మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికి చెబితే ఆశ్చర్యపోలేదు. ఆ అమ్మాయి డ్వాక్రా గ్రూపులో లీడరు. "మాకు పంచసూత్రాల్లో మొదటిదే అది అక్కా" అంది. క్రమం తప్పకుండా మీటింగు, క్రమం తప్పకుండా పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, టైముకి కట్టడం, పుస్తకాలు రాయడం. పొదుపు కంటే ముందు మీటింగు! రాకపోతే వాళ్ళకీ ఫైనే. "డబ్బు కోసం కాదక్కా. ఒకామె రెండు మీటింగులు రాలేదంటే ఇంట్లో ఏదో అయిందని తెలుస్తది. పోయి చూస్తాం" అంది. మా గదిలో గంట, బ్యానరు ఉన్నాయి. వాళ్ళు రామాలయం అరుగు మీద చాప వేసుకుని కూర్చుంటారు. పని మాత్రం ఒకటే.

పోలియో చుక్కల సంగతీ అంతే కదా. ఒకసారి వేసి ఊరుకుంటే పోలేదు. 1995 నుంచి ఏటా ఆదివారాలు బూతుల్లో కూర్చుని, తప్పిపోయిన పిల్లల ఇళ్ళకి మర్నాడు వెళ్ళి వేస్తే, దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ ఆదివారాలకి ఉప్మాలు చేసి పంపిన "ఆన్స్"లో నేనూ ఉన్నాను. మా బ్యాడ్జీ అలా ఒక మంచి పనికి వచ్చింది.

జూలై మీటింగులో ఇవన్నీ చెప్పలేదు లెండి. అంతసేపు మాట్లాడితే సార్జెంటు ఫైను వేస్తాడు. ఒక్కటే అన్నాను. "ఖర్చు మీటింగుది కాదు, భోజనానిది. మొదటి వారం భోజనం పెట్టుకుందాం. మిగతా వారాలు టీ, రెండు మరమరాల మిక్చరు పొట్లాలు. గంటలో ఇంటికి పోదాం. సీజన్లో పదిమంది వచ్చినా సరే, గంట మాత్రం కొడదాం." ఇంటి ఖర్చు తగ్గించాలంటే మనం చేసేది ఇదే కదా. పండక్కి పిండివంటలు తగ్గిస్తాం గానీ రోజూ పొయ్యి వెలిగించడం మానం.

చేతులు ఎత్తమన్నారు. వారం వారం ఉండాలన్న వాళ్ళు 17, వద్దన్న వాళ్ళు 12. ముగ్గురు రాలేదు. మా వారి చెయ్యి వద్దన్న వాళ్ళలో లేచింది, నాది ఉండాలన్న వాళ్ళలో. మందుల కొట్టు ఆయనది నావైపే. ఇంటికి రాగానే అత్తయ్య గారు ఏమైందని అడిగారు. చెప్పాను. కొడుకు మొహం వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూసి, "మరి ఇందుకే కదా ఇద్దరూ వెళ్ళేది" అని మాత్ర వేసుకున్నారు.

మీలో చాలామంది ఏదో ఒకదానిలో ఉండే ఉంటారు. డ్వాక్రా కావచ్చు, అపార్ట్‌మెంటు కమిటీ కావచ్చు, గుడి కమిటీ కావచ్చు. మీరు అడగాల్సింది అడిగాక ఆ వారం ఎవరూ పలక్కపోతే బాధపడకండి. రెండో వారం కూడా వెళ్ళండి. ఎవరు రాలేదో చూడండి. మూడో వారం మళ్ళీ అడగండి.